వాతావరణ న్యాయంలో కొత్త కొలమానం: హేగ్ అభిప్రాయం భారత్‌కు కవచమా, కట్టుబాటా?

వాతావరణ మార్పుల నియంత్రణ ఇకపై దేశాల ఉదారతకు సంబంధించిన విషయం కాదు, చట్టబద్ధమైన బాధ్యత. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరం కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులై 23న వెలువరించిన సలహా అభిప్రాయం సారాంశం ఇదే. హరితగృహ వాయువుల ఉద్గారాల నుంచి వాతావరణ వ్యవస్థను కాపాడవలసిన బాధ్యత ప్రతి దేశానికీ ఉందని, ఆ బాధ్యతను విస్మరిస్తే అది అంతర్జాతీయ న్యాయం దృష్టిలో తప్పిదమవుతుందని, తగిన సందర్భాల్లో నష్టపరిహారానికి సైతం దారితీస్తుందని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ప్రకటించారు. భారత్‌కు చెందిన జస్టిస్ దల్వీర్ భండారీ కూడా ఆ ధర్మాసనంలో సభ్యులే.

ఈ అభిప్రాయాన్ని చిన్న ద్వీపదేశాల నైతిక విజయంగా చూడటం సహజమే. అయితే న్యూఢిల్లీ దృష్టితో చదివినప్పుడు అందులో మరో కోణం కనిపిస్తుంది. చారిత్రకంగా అతి తక్కువ కాలుష్యానికి కారణమై, అత్యధికంగా నష్టపోతున్న దేశాల వరుసలో భారత్ ఉంది. అదే సమయంలో వార్షిక ఉద్గారాల్లో ప్రపంచంలో మూడో స్థానంలోనూ ఉంది. బాధితుల పక్షాన నిలిచి ప్రశ్నించే హక్కు, ప్రశ్నలకు జవాబు చెప్పవలసిన బాధ్యత రెండూ ఒకే దేశానికి ఒకే పత్రంలో దక్కిన అరుదైన సందర్భమిది.

విద్యార్థుల ఆలోచన నుంచి సర్వప్రతినిధి సభ వరకు

2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి చెందిన న్యాయశాస్త్ర విద్యార్థుల బృందం ఒకటి ఈ ప్రయత్నానికి నాంది పలికింది. సుమారు మూడు లక్షల జనాభా గల వనువాటు ప్రభుత్వం ఆ ప్రతిపాదనను భుజాన వేసుకుని దేశదేశాల మద్దతు కూడగట్టింది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఈ అంశంపై న్యాయస్థానం అభిప్రాయాన్ని కోరుతూ తీర్మానాన్ని ఏకాభిప్రాయంతో ఆమోదించింది. 2024 డిసెంబరు 2 నుంచి 13 వరకు జరిగిన మౌఖిక విచారణలో 96 దేశాలు, 11 అంతర్జాతీయ సంస్థలు వాదనలు వినిపించాయి. దక్షిణాసియా నుంచి భారత్‌తో పాటు బంగ్లాదేశ్, నేపాల్, పాకిస్థాన్ తదితర దేశాలు పాల్గొన్నాయి.

సర్వప్రతినిధి సభ అడిగిన ప్రశ్నలు రెండు. వాతావరణ పరిరక్షణలో దేశాల బాధ్యతలు ఏమిటి? ఆ బాధ్యతలను విస్మరించి ఇతర దేశాలకు, ప్రజలకు గణనీయమైన హాని కలిగిస్తే చట్టపరమైన పర్యవసానాలు ఏమిటి? మొదటి ప్రశ్నకు సమాధానం పారిస్ ఒప్పందంలో ఎంతోకొంత ఉంది. రెండో ప్రశ్నను మాత్రం మూడు దశాబ్దాల వాతావరణ చర్చలు దాటవేస్తూనే వచ్చాయి.

పొగ గొట్టంతో మొదలైన సూత్రం

న్యాయస్థానం ఆధారం చేసుకున్న మూలసూత్రం కొత్తది కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ట్రెయిల్ అనే పట్టణంలో లోహాలను కరిగించే కర్మాగారం ఒకటి ఉండేది. 1925, 1927 సంవత్సరాల్లో అక్కడ 400 అడుగులకు పైగా ఎత్తున్న పొగ గొట్టాలను నిర్మించారు. వాటి నుంచి వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ కొలంబియా నదీలోయ వెంబడి సరిహద్దు దాటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పంటలను, అడవులను దెబ్బతీసింది. ఈ వివాదంపై ఏర్పాటైన మధ్యవర్తిత్వ ట్రైబ్యునల్ 1941లో తుది తీర్పు ఇచ్చింది. పొరుగు దేశానికి తీవ్రమైన హాని కలిగేలా తన భూభాగాన్ని వినియోగించుకునే హక్కు ఏ దేశానికీ లేదని తేల్చిచెప్పింది. అయితే ఆ హాని స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యాలతో రుజువు కావాలన్న షరతునూ విధించింది.

1949లో కోర్ఫూ జలసంధి కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం ఇదే ఆలోచనను మరో సందర్భంలో వినిపించింది. అల్బేనియా జలాల్లోని మందుపాతరలు పేలి బ్రిటిష్ యుద్ధనౌకలు దెబ్బతినగా, 44 మంది నావికాదళ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఇతర దేశాల హక్కులకు భంగం కలిగించే పనులకు తన భూభాగాన్ని తెలిసి తెలిసి ఉపయోగించనివ్వడం ఏ దేశానికీ తగదని న్యాయస్థానం స్పష్టం చేసింది. అణ్వాయుధాలపై 1996లో ఇచ్చిన సలహా అభిప్రాయంలో పర్యావరణ పరిరక్షణను సాధారణ అంతర్జాతీయ న్యాయంలో అంతర్భాగంగా గుర్తించింది. డాన్యూబ్ నదిపై ఆనకట్టల విషయంలో హంగరీ, స్లొవేకియాల నడుమ తలెత్తిన వివాదంలో 1997లో తీర్పు వెలువడింది. ఆ కేసులో శ్రీలంకకు చెందిన న్యాయమూర్తి వీరమంత్రి తన ప్రత్యేక అభిప్రాయంలో సుస్థిర అభివృద్ధి భావనకు మూలాలను ప్రాచీన సింహళ చెరువుల వ్యవస్థలో చూపించారు. పర్యావరణ న్యాయం పాశ్చాత్య సమాజాల కానుక మాత్రమే కాదన్న ఆయన వాదన దక్షిణాసియాకు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగింది. 2010లో అర్జెంటీనా, ఉరుగ్వేల గుజ్జు మిల్లుల కేసులో, సరిహద్దులు దాటే హానికి అవకాశమున్న ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ మదింపు తప్పనిసరి అన్న నియమం స్థిరపడింది.

ఇలా ఒక కర్మాగారపు పొగ నుంచి నదీజలాల దాకా విస్తరించిన సూత్రం ఇప్పుడు భూగోళమంతటినీ ఆవరించిన వాతావరణ వ్యవస్థకు వర్తించింది. కొత్తదనం సూత్రంలో లేదు, దాని పరిధిలో ఉంది. ట్రెయిల్‌లో కర్మాగారం ఒక్కటే, నష్టపోయిన లోయ ఒక్కటే. వాతావరణంలో పొగ గొట్టాలు లెక్కలేనన్ని, బాధితులు ప్రపంచమంతటా ఉన్నారు.

ఒప్పందమే సరిహద్దా?

విచారణలో భారత్ వైఖరి స్పష్టమైనది. వాతావరణ బాధ్యతలన్నీ 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక, 2015 నాటి పారిస్ ఒప్పందం పరిధిలోనే ఉండాలని, వాటికి అతీతంగా కొత్త బాధ్యతలను న్యాయస్థానం సృష్టించరాదని భారత ప్రతినిధులు వాదించారు. సమస్యకు మూలకారకులైన సంపన్న దేశాలే ప్రధాన భారం మోయాలని, బాధ్యతలు ఉమ్మడివే అయినా భిన్నమైనవన్న సూత్రాన్ని పాటించాలని కోరారు. ఒప్పందాలకే పరిమితం కావాలన్న అంశంలో అమెరికా, ఆస్ట్రేలియా, సౌదీ అరేబియా వంటి దేశాల వాదన ఇంచుమించు ఇదే. వాతావరణ చర్చల్లో ఎదురెదురుగా కూర్చునే దేశాలు హేగ్‌లో ఒకే గోడ వెనుక నిలబడ్డాయి.

ఆ గోడను న్యాయస్థానం అంగీకరించలేదు. వాతావరణ ఒప్పందాలు ఉన్నంత మాత్రాన ఇతర న్యాయసూత్రాలు తప్పుకోవని పేర్కొంది. పొరుగువారికి గణనీయమైన హాని కలగకుండా నివారించాలన్న ఆచార న్యాయం, దేశాల పరస్పర సహకార బాధ్యత, సముద్ర చట్టం, మానవ హక్కుల చట్టం అన్నీ ఒప్పందాలతో పాటే వర్తిస్తాయని తేల్చింది. ఈ నిర్ణయం ప్రభావం చిన్నది కాదు. పారిస్ ఒప్పందం నుంచి వైదొలగాలని అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 జనవరి 20న ఆదేశాలిచ్చారు. ఒప్పందం ఒక్కటే సరిహద్దు అయితే, దాన్ని వీడిన దేశం బాధ్యత నుంచీ బయటపడినట్లే. ఆచార న్యాయం మాత్రం ఏ దేశమూ రాజీనామా చేసి తప్పించుకోగలిగినది కాదు. భారత్ కోరుకున్న పరిమితి అంగీకారం పొంది ఉంటే, అందరికంటే ఎక్కువ మేలు పొందేది అమెరికాయే.

ఒప్పందాన్ని మూసిన గదిలా చూడరాదన్న పాఠం భారత్‌కు అంతకుముందే అనుభవమైంది. కిషన్‌గంగ జలవిద్యుత్ ప్రాజెక్టుపై పాకిస్థాన్ తెచ్చిన వివాదంలో మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2013లో తీర్పు చెప్పింది. నీటిని మళ్లించే హక్కు భారత్‌కు ఉందని అంగీకరిస్తూనే, దిగువకు సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్ల నీటిని వదలాలని ఆదేశించింది. 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని ఆ తర్వాత ఎదిగిన పర్యావరణ ఆచార న్యాయం వెలుగులో చదవడమే ఆ తీర్పులోని విశేషం.

రుజువు చేయడమే అసలు పరీక్ష

నష్టపరిహారం అన్న పదం వినగానే బాధిత దేశాల్లో ఆశలు చిగురించడం సహజం. న్యాయస్థానం అందుకు తలుపు తెరిచిందే కానీ, దారిని సుగమం చేయలేదు. తప్పిదానికి, నష్టానికి మధ్య తగినంత ప్రత్యక్షమైన, నిశ్చితమైన సంబంధం ఉండాలని చెప్పింది. ఆ సంబంధాన్ని ఏ కేసుకు ఆ కేసుగా పరిశీలించాలని సూచించింది. ఎన్నో దేశాలు కలసి చేసిన తప్పు గనుక ఏ ఒక్కరినీ పట్టుకోలేమన్న వాదనను మాత్రం తోసిపుచ్చింది. ఒక్కో దేశం వాటాను శాస్త్రీయంగా నిర్ణయించడం సాధ్యమేనని పేర్కొంది.

పర్యావరణ నష్టానికి వెల కట్టడం ఎంత కష్టమో 2018 నాటి ఒక తీర్పు చెబుతుంది. సరిహద్దు చిత్తడినేలల్లో నికరాగువా జరిపిన పనులకు గాను కోస్టారికాకు న్యాయస్థానం ఆ ఏడాది తొలిసారిగా పర్యావరణ పరిహారం ప్రకటించింది. అన్ని పద్దులూ కలిపి ఆ మొత్తం సుమారు 3,78,890 డాలర్లు. తప్పు చేసిన దేశం ఒక్కటే, స్థలం ఒక్కటే అయిన కేసులోనే లెక్క అంత పరిమితంగా తేలింది. 2022లో పాకిస్థాన్‌ను ముంచెత్తిన వరదలు సుమారు 3.3 కోట్ల మందిపై ప్రభావం చూపాయి. 1,700 మందికి పైగా మరణించారు. అలాంటి విపత్తులో ఏ దేశపు ఉద్గారాల వాటా ఎంత, స్థానిక పాలనా లోపాల పాత్ర ఎంత అన్నది విడదీయడం శాస్త్రవేత్తలకు, న్యాయవాదులకు పెను సవాలే.

ఆంధ్రప్రదేశ్‌లోని కాకినాడ సమీపాన ఉప్పాడ తీరం ఇదే చిక్కుముడికి దగ్గరి ఉదాహరణ. అక్కడ సముద్రం ఏళ్ల తరబడి ఇళ్లను, రోడ్డును, పొలాలను కబళిస్తోంది. కానీ తీరపు కోతకు పెరుగుతున్న సముద్రమట్టం ఒక్కటే కారణం కాదు. అలల గమనం, ఇసుక కదలికలు, తీరం వెంబడి మానవ నిర్మాణాలు కూడా అందులో పాలుపంచుకుంటాయి. ఇల్లు కోల్పోయిన మత్స్యకారుడికి ఈ విభజనతో పనిలేదు. న్యాయస్థానానికి మాత్రం అదే ప్రాణం. అందువల్ల తీరరేఖ మార్పులను, అలల తీవ్రతను, తుపాను నష్టాలను ఏటా క్రమబద్ధంగా నమోదు చేసుకునే దేశానికే రేపటి వ్యాజ్యాల్లో బలం ఉంటుంది. పరిహారం కోరాలనుకునే ప్రభుత్వాలు ముందుగా కొలతల పుస్తకాన్ని సిద్ధం చేసుకోవాలి.

కవచంలో ఒక పగులు

భారత్ దీర్ఘకాలంగా ఆధారపడుతున్న వాదనకు గణాంకాల బలం ఉంది. ప్రపంచ జనాభాలో ఆరో వంతుకు పైగా నివసించే ఈ దేశం 1850 నుంచి పోగైన ఉద్గారాల్లో సుమారు 4 శాతానికే బాధ్యురాలు. తలసరి ఉద్గారాలు ప్రపంచ సగటులో సగానికన్నా తక్కువ. 2024లో బాకూ సదస్సులో సంపన్న దేశాలు 2035 నాటికి ఏటా 300 బిలియన్ డాలర్ల వాతావరణ నిధులకు అంగీకరించినప్పుడు, అది ఏమాత్రం సరిపోదని భారత్ బహిరంగంగా నిరసన తెలిపింది. వర్ధమాన దేశాలు కోరిన మొత్తం 1.3 ట్రిలియన్ డాలర్లు. ఉమ్మడివే అయినా భిన్నమైన బాధ్యతల సూత్రాన్ని న్యాయస్థానం సమర్థించింది. ఆర్థిక, సాంకేతిక సహాయం అందించడం సంపన్న దేశాల దయాధర్మం కాదని, చట్టపరమైన విధి అని పేర్కొంది. ఇంతవరకు భారత్‌కు ఇది కవచమే.

పగులు మరోచోట ఉంది. సంపన్న దేశం, వర్ధమాన దేశం అన్న హోదాలు శాశ్వతం కావని, కాలంతో పాటు మారే సామర్థ్యాన్ని, పరిస్థితులను బట్టి చూడాలని న్యాయస్థానం వ్యాఖ్యానించింది. 1992లో వేసిన పట్టిక 2040లోనూ అలాగే నిలుస్తుందన్న భరోసా ఇక లేదు. ప్రపంచంలో మూడో అతిపెద్ద ఆర్థిక శక్తిగా ఎదగాలన్న లక్ష్యాన్ని ప్రకటించుకున్న దేశం, ఆ లక్ష్యం చేరువైన కొద్దీ పాత హోదా కల్పించే రక్షణ పలచబడుతుందని గ్రహించాలి.

శిలాజ ఇంధనాల ప్రస్తావన మరింత సూటిగా ఉంది. వాటి ఉత్పత్తి, వినియోగం, అన్వేషణకు అనుమతులు, రాయితీలు వంటి విషయాల్లో వాతావరణ రక్షణకు తగిన చర్యలు తీసుకోకపోవడం తప్పిదం కావచ్చని న్యాయస్థానం అంది. బొగ్గు తవ్వకాన్ని నిషేధించాలని అనలేదు, తగిన జాగ్రత్త లేకుండా సాగించడాన్ని తప్పుపట్టింది. ప్రైవేటు సంస్థల ఉద్గారాలను అదుపు చేయడమూ ప్రభుత్వాల బాధ్యతేనని చెప్పింది. భారత్‌లో ఉత్పత్తయ్యే విద్యుత్తులో దాదాపు 70 శాతానికి బొగ్గే ఆధారం. ఆ బొగ్గులో అధికభాగాన్ని తవ్వేవి ప్రభుత్వ రంగ సంస్థలు. సింగరేణిలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. బొగ్గు గనులు కేవలం ఇంధన వనరులు కావు, వేల కుటుంబాల జీవనాధారం. కార్మికులను వీధిన పడవేయకుండా మార్పు ఎలా సాధించాలన్న ప్రశ్నకు హేగ్ సమాధానం చెప్పదు. అది ఢిల్లీ, హైదరాబాద్ చెప్పవలసిన జవాబు.

అయితే ఈ పరీక్షకు భారత్ రిక్తహస్తాలతో వెళ్లడం లేదు. స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరుల నుంచి సమకూర్చుకోవాలన్న 2030 లక్ష్యాన్ని 2025 జూన్ నాటికే చేరుకున్నట్లు కేంద్రం ప్రకటించింది. స్థాపిత సామర్థ్యం వేరు, వాస్తవ ఉత్పత్తి వేరు అన్నది నిజమే. తగిన జాగ్రత్త తీసుకుంటున్నట్లు చూపడానికి మాత్రం ఇది బలమైన ఆధారం.

బోనెక్కించడం సాధ్యమేనా?

ఏ దేశమైనా రేపు భారత్‌పై హేగ్‌లో దావా వేయగలదా? ఇందుకు పూర్వానుభవం ఉంది. పసిఫిక్‌లోని మార్షల్ దీవులు అణునిరాయుధీకరణ విషయంలో భారత్‌పై కేసు పెట్టగా, ఇరుదేశాల నడుమ వివాదమే లేదంటూ 2016లో న్యాయస్థానం 9-7 ఓట్ల తేడాతో దాన్ని తోసిపుచ్చింది. న్యాయస్థానం పరిధిని అంగీకరిస్తూ భారత్ ఇచ్చిన ప్రకటనలో పలు మినహాయింపులు ఉన్నాయి. కామన్వెల్త్ సభ్యదేశాలతో తలెత్తే వివాదాలు వాటిలో ఒకటి. ఆ మినహాయింపు ఆధారంగానే 2000లో పాకిస్థాన్ వేసిన విమాన ఘటన కేసు నిలవలేదు. వనువాటు, మాల్దీవులు, బంగ్లాదేశ్ కామన్వెల్త్ దేశాలే గనుక సమీప భవిష్యత్తులో నేరుగా దావా ముప్పు స్వల్పమే.

ఈ రక్షణ దేశ సరిహద్దు వరకే. లోపల పరిస్థితి భిన్నం. సలహా అభిప్రాయానికి తీర్పులా నేరుగా కట్టుబడాల్సిన అవసరం ఏ దేశానికీ లేకపోయినా, చట్టం ఇదీ అని అత్యున్నత వేదిక చెప్పిన మాటను దేశీయ న్యాయస్థానాలు తోసిపుచ్చడం కష్టం. అంతర్జాతీయ న్యాయాన్ని గౌరవించాలని రాజ్యాంగంలోని 51వ అధికరణ నిర్దేశిస్తోంది. 1996లో వెల్లూరు పౌర సంక్షేమ వేదిక కేసులో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని, కాలుష్యకారకులే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని దేశ చట్టంలో భాగంగా స్వీకరించింది. 1999లో ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ఎం.వి.నాయుడు కేసులో జస్టిస్ ఎం.జగన్నాథరావు ఆ సూత్రాలను మరింత లోతుగా వివరించారు. హైదరాబాద్‌కు తాగునీరందించే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చేరువలో ఒక పరిశ్రమ ఏర్పాటుపై తలెత్తిన వివాదమది. హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదేనన్న సూత్రం అక్కడ స్థిరపడింది. 2024 మార్చిలో రంజిత్‌సిన్హ్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు ముందుకు వేసి, వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి విముక్తి పొందే హక్కును 14, 21 అధికరణాల్లో గుర్తించింది. ఈ వరుసలో హేగ్ అభిప్రాయం భారతీయ న్యాయవాదులకు తదుపరి మెట్టు. భారత్‌కు అసలు విచారణ వేదిక హేగ్ కంటే ముందు స్వదేశీ హైకోర్టులే కావచ్చు.

మునిగే నేల, మునగని దేశం

అభిప్రాయంలోని మరో భాగం హిందూ మహాసముద్ర ప్రాంతానికి ఎంతో ముఖ్యం. సముద్రమట్టం పెరిగి తీరం వెనక్కి జరిగినా, చట్టప్రకారం ఒకసారి నిర్ణయించుకున్న సముద్ర సరిహద్దులను తిరిగి గీసుకోవలసిన అవసరం లేదని న్యాయస్థానం చెప్పింది. ఒక దేశానికి ఉండవలసిన లక్షణాల్లో ఏదో ఒకటి అంతరించినంత మాత్రాన ఆ దేశ అస్తిత్వం రద్దు కానవసరం లేదనీ పేర్కొంది. భూభాగంలో అధికశాతం సముద్రమట్టానికి మీటరు ఎత్తులోపే ఉన్న మాల్దీవులకు ఇది ఊరట. పొరుగున అలాంటి దేశం చట్టబద్ధంగా నిలిచి ఉండటం, దాని చేపల వేట జలాలు వివాదాస్పదం కాకపోవడం భారత భద్రతకూ మేలే.

కట్టుబడే శక్తి లేని అభిప్రాయంతో ఏమవుతుందని సందేహించేవారు చాగోస్ దీవుల ఉదంతాన్ని చూడవచ్చు. ఆ దీవులపై పాలనను బ్రిటన్ వదులుకోవాలని 2019 ఫిబ్రవరిలో ఇదే న్యాయస్థానం సలహా ఇచ్చింది. బ్రిటన్ మొదట పెడచెవిన పెట్టింది. ఆరేళ్ల తర్వాత, 2025 మే 22న, మారిషస్ సార్వభౌమాధికారాన్ని గుర్తిస్తూ ఒప్పందంపై సంతకం చేసింది. సలహా అభిప్రాయాలు ఆదేశాల్లా తక్షణం పనిచేయవు, వాదనల తూకాన్ని మారుస్తాయి.

భారత్ ముందు ఇప్పుడు రెండు మార్గాలు ఉన్నాయి. ఒప్పందాల గోడ వెనుకే నిలబడి, కూలిన ఆ గోడకు మరమ్మతులు చేస్తూ కాలం గడపడం ఒకటి. న్యాయస్థానం చేతికిచ్చిన భాషతోనే సంపన్న దేశాలను నిధులు, సాంకేతికత విషయంలో నిలదీస్తూ, ఆ భాషను స్వదేశంలోని బొగ్గు, తీరప్రాంత, నగర విధానాలకూ వర్తింపజేసుకోవడం రెండోది. మొదటి మార్గం సులువు. రెండో మార్గంలో మాత్రమే ఉప్పాడ మత్స్యకారుడి తరఫున మాట్లాడే అర్హత, సింగరేణి కార్మికుడి భవిష్యత్తును ముందుగా ఆలోచించే వ్యవధి దక్కుతాయి. ఇతరులను కొలిచే కొలమానంతో తననూ కొలుచుకున్న దేశం మాటకే రేపటి న్యాయవేదికలపై విలువ ఉంటుంది.